విశ్రాంతి అని వేసిన ముద్ర

ఆరు నెలలుగా నేను ఒక్కటే ప్రశ్న అడుగుతున్నాను. మైకు పట్టుకుని అడిగాను, కాగితం మీద రాసి ఇచ్చాను, క్లినిక్ కిటికీ ముందు నిలబడి అడిగాను. జవాబు చెప్పాల్సిన డాక్టరు ఇంతవరకు చెప్పలేదు. తెలియదు అని చెప్పినా సరిపెట్టుకునేవాణ్ణి. ఆ మాటా అనలేదు.

మొదటిసారి అడిగింది కువైట్‌లోని అబ్బాసియాలో, మన తెలుగు సంఘం వాళ్ళు హాలు అద్దెకు తీసుకుని పెట్టిన ఆరోగ్య సభలో. ముఖ్య అతిథి అక్కడికి రెండు వీధుల అవతల క్లినిక్‌లో కూర్చునే డాక్టరు గారు. తెలుగాయన. ఆయన గంటసేపు మాట్లాడారు. గల్ఫ్‌లో మనవాళ్ళకి సుగరు, బీపీ, గుండె జబ్బు ఇంతగా ఎందుకు వస్తున్నాయంటే కూర్చునే ఉద్యోగాల వల్ల, రాత్రి అన్నం వల్ల అన్నారు. నడవండి, నడకను మించిన మందు లేదు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నాలుగో వరసలో ఉన్నాను. నేనూ కొట్టాను. తర్వాత చెయ్యెత్తాను.

మైకు నా చేతికి వచ్చింది. "డాక్టరు గారండీ, నడిత్తే సుగరు తగ్గుద్దన్నారు. మాత్ర ఏసుకున్నా తగ్గుద్ది. రెండూ ఒకేసారి చేత్తే ఎంత తగ్గుద్దండి? అప్పుడు మాత్ర ఏం చెయ్యాలండి?" అన్నాను.

సంఘం కార్యదర్శి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మంచి ప్రశ్నేనట, కానీ టైమైపోయిందట, బిర్యానీ చల్లారిపోతోందట. హాలంతా నవ్వింది. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆయనకు శాలువా కప్పుతున్నప్పుడు కూడా ఆ నవ్వు పోలేదు. నేను చూశాను.

అసలు ఈ ప్రశ్న నాకెందుకు పుట్టిందో చెప్పాలి.

నేను రుమైథియాలో ఒక ఇంట్లో డ్రైవరుని. మాది కోనసీమ. ఈ ఇంట్లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. డ్రైవరు పనంటే బండి నడపడం అని ఊళ్ళో అనుకుంటారు. కాదు. డ్రైవరు పనంటే ఎదురుచూడటం. బడి ముందు, షాపింగ్ మాల్ కింద, మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే దివానియా బయట, పెళ్ళిళ్ళ హాళ్ళ దగ్గర ఏసీ వేసుకుని, సీటు వెనక్కి వాల్చుకుని, ఫోను చూస్తూ ఎదురుచూడటం. రోజుకు రెండు గంటలు నడిపితే పది గంటలు కూర్చుంటాం. ఆగిన బండిలో ఏసీ తిరుగుతుంటే పెట్రోలైనా కాలుతుంది. కూర్చున్న మనిషి ఒంట్లో మాత్రం ఏమీ కాలదు. నాకు సుగరు వచ్చి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా మా ఊరి దగ్గర టౌన్లో ఉన్న డాక్టరు గారు రాసిన మాత్రే వాడుతున్నాను. సెలవుకి వెళ్ళి వచ్చేవాళ్ళ పెట్టెల్లో ఆవకాయతో పాటు మాత్రలూ వస్తాయి. ఇక్కడ మనవాళ్ళందరి పద్ధతీ ఇదే. ఎవరి పెట్టె తీసినా ఇంకెవరిదో గుండె మందు, ఇంకెవరిదో బీపీ మందు ఉంటుంది.

ఇంటి పెద్దాయనను మేం బాబా అంటాం. పోయినేడు ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. గాయం మానాక వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో వ్యాయామం చేయించాలన్నారు. దానికి ఆసుపత్రి వాళ్ళు కాగితం ఇచ్చారు. అందులో మందు మోతాదు రాసినట్టే అన్నీ రాసి ఉన్నాయి. ఎన్ని నిమిషాలు నడవాలి, ఎంత వేగం, గుండె ఎన్నిసార్లు కొట్టుకునే దాకా వెళ్ళవచ్చు, ఎక్కడ ఆపాలి. కింద సంతకం, దాని పక్కన నీలం రంగు ముద్ర. ఆ ముద్ర చూసి ఇల్లంతా కదిలింది. ఇంటి యజమానురాలు, అంటే బాబా కోడలు, మేం మామా అని పిలిచే ఆవిడ, పిల్లల్ని బడికి దింపే టైము కూడా దానికి తగ్గట్టు మార్చింది. ముద్ర ఉన్న కాగితం ఇంట్లోకి వచ్చాక ఇక దాని మీద మాట లేదు.

వారానికి మూడు రోజులు బాబాను తీసుకెళ్ళడం, ఆయన నడుస్తుంటే గాజు తలుపు బయట కుర్చీలో కూర్చోవడం నా పని. లోపల బాబా ఛాతీకి తీగలు అంటించుకుని ట్రెడ్‌మిల్ మీద నడుస్తుంటే, బయట నేను సమోసా తింటూ చూస్తూ ఉండేవాణ్ణి. నడిపించేది ఒక మలయాళీ అమ్మాయి. అందరూ ఆమెను సిస్టర్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఒకసారి ఎవరో జిమ్ టీచరు అంటే ఆమెకు కోపం వచ్చింది. తాను చదివింది కసరత్తులు నేర్పడం కాదని, మనిషి కదిలినప్పుడు గుండెలో, ఊపిరితిత్తుల్లో, కండల్లో, రక్తంలో ఏం జరుగుతుందో చదివానని, ఆ జరిగేదాన్ని మందులాగా కొలిచి ఇవ్వడం తన పని అని హిందీలో చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది. తన పనికి తప్పుడు పేరు పెడితే ఊరుకోని మనిషంటే నాకు గౌరవం.

మూడు నెలల్లో బాబా మారిపోయాడు. మొదట్లో బండి దిగి తలుపు దాకా వెళ్ళడానికి రెండుచోట్ల ఆగేవాడు. తర్వాత ఆగకుండా వెళ్ళేవాడు. కూర్చున్నప్పుడు గుండె కొట్టుకునే వేగం తగ్గిందని సిస్టర్ చూపించింది. గుండె బలపడితే ఒక్క దెబ్బకే ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకని తక్కువసార్లు కొట్టుకుంటే చాలట. బీపీ మాత్రల్లో ఒకటి తీసేశారు. ఆపరేషన్ చేసింది డాక్టరే. కానీ ఆ మాత్ర తీసేయించింది నడక. అది నా కళ్ళముందు జరిగింది.

ఆ రోజుల్లోనే మా పక్క వీధి ఇంట్లో డ్రైవరుగా ఉన్న మా జిల్లా మనిషి ఒకాయన కాలి వేళ్ళు రెండు తీయించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నా వయసువాడే. సుగరు. చెప్పులో రాయి గుచ్చుకుంటే తెలియలేదు. విమానాశ్రయానికి నేనే దింపాను. చక్రాల కుర్చీలో కూర్చుని, "బావా, మనం కూర్చునే డబ్బు సంపాదించాం. చూడు, కూర్చోబెట్టే పంపేత్తన్నారు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు గాజు తలుపు బయట కుర్చీలో కూర్చోలేదు. సిస్టర్‌ని అడిగాను, నేను నడిస్తే ఏమవుతుందని. ఆమె తీరిక చేసుకుని చెప్పింది. కండ కదిలినప్పుడు రక్తంలో చక్కెరను తనే లాక్కుంటుందట. మనకు తక్కువైపోయిన ఇన్సులిన్ కోసం ఎదురుచూడదట. ఆ గుణం నడక ఆపాక కూడా కొన్ని గంటలు, ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటుందట. అందుకే రోజు మార్చి రోజైనా నడవాలట. అయితే మాత్ర వేసుకునేవాళ్ళు ముందూ వెనకా సుగరు చూసుకోవాలని, తగ్గుతూ ఉంటే మాత్ర రాసిన డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవాలని గట్టిగా చెప్పింది. ఆమె మాత్ర రాయకూడదు, నేను ఆమె దగ్గరి రోగిని కూడా కాదు.

బయట ఎండ. అందుకని ఆసుపత్రి పార్కింగ్ భవనంలో నడవడం మొదలుపెట్టాను. మూడు అంతస్తులు, మధ్యలో ర్యాంపులు. మొదటివారం అక్కడి బంగ్లాదేశీ వాచ్‌మన్ నా వెనకే నడిచాడు. బండ్ల అద్దాలు ఊడదీసేవాడిననుకున్నాడు. రెండో వారం నుంచి వాడు కుర్చీలోంచి చెయ్యి ఊపేవాడు. మూడో వారం వాడూ ఒక అంతస్తు నాతో నడిచాడు.

ఇంట్లో పనిచేసే అమ్మాయి అన్నమయ్య జిల్లా మనిషి. వంటింట్లో ఈ సంగతి తెలిసి ఇరవై రోజులు నన్ను ఏడిపించింది. "ఏందినా, బండి ఇచ్చినారు గదా నడపమని. దాన్ని ఆడ పెట్టి నువ్వు నడ్సేదేంది?" అనేది. బాబా కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉండేది. దాన్ని చూపించి, "బాబా నడ్సితే మందంట, నువ్వు నడ్సితే పిచ్చంట. ఈ ఇంట్లో యవ్వారం అట్లుంది" అంది ఒకరోజు. ఏడిపించడానికే అంది. కానీ ఈ ఆరు నెలల్లో నా బాధను అంత సరిగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు.

సభలో నేను అడిగిన ప్రశ్న అప్పటిది. నడక మొదలుపెట్టి అప్పటికి పది రోజులు. అబ్బాసియాలో సుగరు చూసుకునే మిషను కొన్నాను, ఒక నోటుబుక్కు పెట్టాను. పొద్దున్నే లేవగానే ఎంత, నడకకు ముందు ఎంత, తర్వాత ఎంత. మొదటిరోజు పొద్దున పదకొండు. మూడు నెలల తర్వాత ఎనిమిది.

ఎనిమిది కనపడిన రోజు మా ఊరి డాక్టరు గారికి ఫోను చేశాను. మెచ్చుకుంటారని చేశాను, దాచడం ఎందుకు. మాత్ర తగ్గిస్తారేమోనని కూడా. అక్కడ ఫోను ఎత్తేది కాంపౌండరు. రెండు రోజులు తిప్పించి మూడో రోజు ఇచ్చాడు. "సుగరు ఎనిమిది ఉందండి" అన్నాను.

"ఇంకా ఎనిమిదేనా? సెలవులో వచ్చినప్పుడూ అంతే కదా. ఆ మాత్ర రెండు చేసెయ్యి. పొద్దున ఒకటి, రాత్రొకటి."

ఫోను పెట్టేశారు. మూడు నెలల నడకకు నాకు దొరికిన బహుమతి ఇంకో మాత్ర. ఉక్రోషం వచ్చింది. కానీ డాక్టరు చెప్పాడు కాబట్టి వేసుకున్నాను. ఆరేళ్ళుగా ఆయన మాట కాదనలేదు. అదే పట్టుదలతో నడక కూడా పెంచాను. రెండు అంతస్తులు తిరిగేవాణ్ణి మూడూ తిరిగాను.

రెండు వారాలకు పడిపోయాను.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొద్దున మాత్ర వేసుకున్నాను, పిల్లల్ని దింపే హడావుడిలో టిఫిను సగమే తిన్నాను. రెండో అంతస్తులో ర్యాంపు ఎక్కుతుంటే చొక్కా తడిసిపోయింది. స్తంభం మీద అంకె కనిపిస్తోంది, అది ఎంతో తెలియడం లేదు. మూడా, ఎనిమిదా అని ఆలోచిస్తూ నిలబడ్డాను, అంతవరకే గుర్తు. వాచ్‌మన్ సిస్టర్ కోసం ఆసుపత్రిలోకి పరిగెత్తాడట. నేను కళ్ళు తెరిచేసరికి సిస్టర్ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని నా వేలు గుచ్చుతోంది. రెండు పాయింటు ఏడు. నారింజ రసం తాగించింది. కాసేపటికి మళ్ళీ గుచ్చింది. కొంచెం పెరిగింది, ఇంకో డబ్బా తాగించింది. బాబా ఛాతీ మీద అంటింపులతోనే దిగి వచ్చి, కర్ర పట్టుకుని నా పక్కన నిలబడి ఏవో దువాలు, వాళ్ళ ప్రార్థనలు, చదువుతున్నాడు. సిస్టర్ ఆ అంకె, టైము ఒక చీటీ మీద రాసి నా జేబులో పెట్టింది. డాక్టరుకు చూపించమంది.

సాయంత్రం మామా బండి తాళం తీసుకుంది. ఆమెను నేను తప్పుపట్టను. ఆ బండిలో ఎక్కేది ఆమె పిల్లలు. నువ్వు రోడ్డు మీద అలా పడితే ఏంటి సంగతి అని అడిగింది. డాక్టరు దగ్గరికి వెళ్ళు, ముద్ర వేసిన కాగితం తీసుకురా, అందులో ఏముంటే అదే అంది.

నాకు ఒక్కడే గుర్తొచ్చాడు. తెలుగాయన. నడవండి అని గంటసేపు చెప్పినాయన. నా భాషలో చెబితే ఆయనకైనా అర్థమవుతుందని బస్సెక్కి అబ్బాసియా వెళ్ళాను.

రెండు గంటలు కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళాక ఆయన కంప్యూటరు వైపు చూస్తూ ఏంటయ్యా అన్నారు. మా ఊళ్ళో చిన్నవాణ్ణి కూడా అండీ అంటారు. నా తల నెరిసింది. పోనీ. నడుస్తూ పడిపోయానండి అని మొదలుపెట్టాను. ఎక్కడ అన్నారు. పార్కింగ్‌లో అన్నాను. ఈ ఎండల్లో నడకేంటి అన్నారు. లోపలేనండి అన్నాను. చీటీ తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడే టీ వచ్చింది. ఆయన టీ గ్లాసు నా చీటీ మీద పెట్టారు. కావాలని కాదు. బల్ల మీద మరక పడకుండా ఏదో కాగితం కావాలి, అది దొరికింది. గ్లాసు కింద రెండు పాయింటు ఏడు తడిసి అలుక్కుపోవడం నేను చూస్తూ కూర్చున్నాను. మాత్ర సంగతి చెప్పబోయాను, ఫోను వచ్చింది. ఫోను మాట్లాడుతూనే రాశారు. నడక వల్ల బాగా నీరసించి పడిపోయాడు, విశ్రాంతి అవసరం, శరీరానికి శ్రమ ఇవ్వకూడదు. ముద్ర. టక్కున పడింది.

ఆ ముద్ర మామాకు చాలు. డ్రైవరు పనికి విశ్రాంతి అన్నా, నడకకు విశ్రాంతి అన్నా ఆమెకు ఒకటే. తాళం ఆ ఇంట్లోనే ఉన్న రెండో డ్రైవరుకి వెళ్ళింది. నాకు మొక్కలకు నీళ్ళు పోసే పని వచ్చింది. పార్కింగ్‌లో నడవడానికి వీల్లేదంది. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, వచ్చే నెలతో అయిపోతుంది. అప్పటికి వేరే కాగితం రాకపోతే ఖలాస్, ఇంటికి వెళ్ళిపో అని మెల్లగానే చెప్పింది. గట్టిగా అరిచి ఉంటే ఇంతలా గుర్తుండేది కాదు.

అప్పుడు సిస్టర్ పట్టుకుంది తప్పెక్కడుందో. రెండో డ్రైవరు పక్కన కూర్చుని బాబా సంచి మోయడానికి నేను ఇంకా ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నాను. మాత్రల అట్ట చూపించమంది. ఎప్పటి నుంచి రెండు అని అడిగింది. ఫోను చేసినప్పటి నుంచి అన్నాను. ఫోనులో ఏం చెప్పారు అంది. ఎనిమిది అని చెప్పాను అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

ఇక్కడి మిషన్లలో సుగరు కొలిచే లెక్క వేరు, మన దేశంలో వేరు. ఇక్కడ ఎనిమిది అంటే అక్కడి లెక్కలో పద్దెనిమిదితో హెచ్చవేయాలి, నూట నలభై నాలుగు. నా పదకొండు నూట తొంభై ఎనిమిది. అంత నుంచి ఇంతకు నేను నడిచి వచ్చాను. కానీ మా ఊరి డాక్టరు గారి లెక్కలో వేలు గుచ్చి చూసే సుగరు ఎనిమిది ఉండనే ఉండదు. ఎనిమిది అనే అంకె మూడు నెలల సుగరు పరీక్షలోనే వస్తుంది. సెలవులో వెళ్ళినప్పుడు ఆ పరీక్షలో నాకు ఎనిమిదే వచ్చింది. ఇంకా అదే ఎనిమిది అనుకుని ఆయన మాత్ర రెండు చేశారు. తగ్గిన సుగరుకి రెట్టింపు మాత్ర, దాని మీద మూడంతస్తుల నడక, సగం టిఫిను.

ఏ మిషనో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. ఇందులో నా తప్పు ఇంతే, ఇంతకంటే ఒక్క గింజ ఎక్కువ ఒప్పుకోను. ఆయనా ఇంకో మాట అడిగి ఉండాల్సింది. ఈ సంగతి చెప్పడానికి నాలుగుసార్లు ఫోను చేస్తే దొరికారు. మూడు నెలల పరీక్ష అనుకున్నానయ్యా, కువైట్ మిషను అని చెప్పొద్దూ అని కసిరారు. కసిరినా, మాత్ర మళ్ళీ ఒకటికి తగ్గించారు, నడక మానొద్దన్నారు. అడిగినదానికి జవాబు చెప్పారు. అందుకే ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

సిస్టర్ నా కోసం ఒక కాగితం రాసిచ్చింది. భోజనమయ్యాక గంట ఆగి నడవాలి. మాట్లాడగలిగేంత వేగం ఉండాలి, పాట పాడగలిగేంత నెమ్మది వద్దు. ముందు సుగరు చూసుకోవాలి, ఐదు కంటే తక్కువుంటే ఏదైనా తిని అప్పుడు నడవాలి. జేబులో ఖర్జూరాలు ఉండాలి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మామాకు ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "వేన్ ఖతం?" అంది. ముద్ర ఎక్కడ అని. ముద్ర లేదు. నేను ఆ ఆసుపత్రి రోగిని కాదు, ముద్ర వేసే అధికారం సిస్టర్‌కి లేదు.

కాబట్టి ఈ దేశంలో నా గురించి ముద్ర ఉన్న మాట ఒక్కటే ఉంది. అది తప్పు మాట.

నేను నడక మానలేదు. బాబా కాగితంలో ఆసుపత్రికి వెళ్ళని రోజుల్లో కూడా ఆయన నడవాలని, ఒంటరిగా వదలకూడదని ఉంది. నేను వెళ్ళి బాబా పక్కన నిలబడ్డాను. సాయంత్రం ఎండ తగ్గాక రుమైథియా వీధుల్లో ఇద్దరం నడుస్తున్నాం. మామా గేటు దగ్గర నిలబడి అడిగితే, నేను నడవట్లేదు, బాబాను నడిపిస్తున్నాను అంటాను. ఆమె మావగారి వైపు చూస్తుంది. ఆయన యల్లా, పద అని కర్ర ముందుకు వేస్తాడు. వంటింటి అమ్మాయి రోజూ నా జేబులో మూడు ఖర్జూరాలు వేస్తుంది. "ఖర్జూరం తినొద్దని నువ్వే గదనా మొన్నటిదంకా అందరికీ సెప్పినావు, ఇబ్బుడు నీ మందే అదయింది" అంటూనే వేస్తుంది.

ఒకరోజు మూల మలుపు దగ్గర బాబా ఆగాడు. నాకర్థమయ్యేలా నెమ్మదిగా అరబీలో ఒక మాట అన్నాడు. "నా గుండెకు కాగితం ఉంది. నీ కాళ్ళకు లేదు. కాళ్ళు మాత్రం ఒకేలా నడుస్తున్నాయి." మామాతో తాను మాట్లాడతానని కూడా అన్నాడు. మాట్లాడాడు. ఆమె కాదనలేదు, కానీ కాగితం కావాలి అంది. పిల్లలు ఉన్నారు కదా అంది. బాబా దగ్గర కూడా ముద్ర లేదు.

అందుకని నేను అబ్బాసియా క్లినిక్‌కి మళ్ళీ వెళ్ళాను. ఒకసారి కాదు, ఐదుసార్లు. రెండుసార్లు డాక్టరు గారు లేరన్నారు. లోపలినుంచి ఆయన దగ్గు వినిపిస్తోంది. ఒకసారి ప్రశ్న కాగితం మీద రాసి నర్సు చేతికిచ్చాను. నాలుగోసారి ఆ కాగితం సంగతి అడిగితే ఏ కాగితం అంది. ఐదోసారి లోపలికి పంపారు.

నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాను. ఈసారి టీ రాకముందే పెట్టాను. రెండున్నర నెలల అంకెలు, రెండు లెక్కల్లోనూ, పక్కపక్కనే. మాత్ర తగ్గించిన రోజు నుంచి ఒక్కసారి కూడా నాలుగు కిందికి పోలేదు. పొద్దుటి సుగరు ఏడు దగ్గర నిలబడింది. పడిపోయింది నడక వల్ల కాదండి, నడకకు తగ్గట్టు మాత్ర తగ్గించకపోవడం వల్లండి అని చెప్పాను. రక్తపరీక్ష చేయించండి, మీకు ఎలా తోస్తే అలా నన్ను పరీక్షించండి, ఆపైన నిజం రాయండి అన్నాను. అది సభలో నేనడిగిన ప్రశ్నేనని కూడా చెప్పాను. ఆయనకు గుర్తులేదు. బిర్యానీ సంగతి చెబితే గుర్తొచ్చింది.

అంకెల వైపు ఒక్క క్షణం చూశారు. అర్థమైంది. ఆ క్షణం ఆయన కళ్ళలో నాకు కనిపించింది. పుస్తకం మూసి నా వైపు తోశారు.

"ఇప్పుడు నడవమని రాస్తే, రేపు నువ్వు బండిలో పడితే, నా మెడకు చుట్టుకుంటుందయ్యా. రెస్ట్ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు."

ఎవరికీ ఇబ్బంది లేదట. నేను ఆ గదిలో ఎదురుగా కూర్చుని ఉన్నాను.

ఆ మాటకు జవాబు అక్కడ చెప్పలేదు. వెనక రోగులు ఉన్నారు. ఇప్పుడు చెబుతున్నాను. డాక్టరు గారూ, మీరు తెలుగు చదువుతారు. మీ క్లినిక్ వెయిటింగ్ గదిలో తెలుగు పత్రికలు నేను చూశాను. ఇది కూడా చదువుతారు.

విశ్రాంతి వల్ల ఇబ్బంది లేదని మీరన్నారు. చక్రాల కుర్చీలో విమానం ఎక్కిన మనిషిని ఏళ్ళ తరబడి విశ్రాంతే అక్కడికి తెచ్చింది. మా డ్రైవర్లందరం విశ్రాంతిలోనే ఉన్నాం, జీతం తీసుకుంటూ, ఏసీలో, సీటు వాల్చుకుని. మా రోగమే అది. దాన్నే మీరు మందని రాసి ముద్ర వేశారు. సభలో నడక మందు అయితే, మీ గదిలో నడక నేరం ఎలా అయింది? మందు అయితే దానికి మోతాదు ఉండాలి, వేరే మందుతో కలిస్తే ఏమవుతుందో చెప్పాలి, రోగి అడిగితే జవాబు ఉండాలి. బాబాకు ఆసుపత్రిలో ఇవన్నీ రాసిచ్చారు. నాకు ఎందుకు రాయరు?

వచ్చే గురువారం నేను మళ్ళీ వస్తున్నాను. ఆరోసారి. బాబా కూడా వస్తానన్నాడు. మీ లిఫ్టు చిన్నది, మేమిద్దరం మెట్ల మీద నడిచే వస్తాం. నోటుబుక్కు తెస్తాను, మాత్రల అట్ట తెస్తాను, టీ మరక ఉన్న ఆ చీటీ కూడా తెస్తాను, అది నేను పారెయ్యలేదు. నన్ను పరీక్షించండి. బండి నడపడానికి నేను పనికిరానని పరీక్షలో తేలితే అదే రాయండి, తలవంచుకుని ఇంటికి పోతాను. పనికొస్తానని తేలితే విశ్రాంతి అన్న మాట కొట్టేసి, నడక అని రాసి, ఎన్ని నిమిషాలో రాసి, దాని మీద ముద్ర వెయ్యండి.

రెండిట్లో ఏదీ చెయ్యకపోతే, ఎందుకు చెయ్యరో నా మొహం చూసి చెప్పండి. కంప్యూటరు చూస్తూ కాదు. నడకా మాత్రా కలిసినప్పుడు మాత్రను ఏం చెయ్యాలని నేను ఆరు నెలల క్రితం అడిగాను. జవాబు చెప్పండి.